చింతపిక్కలతో తీసివేత

ఒకటవ తరగతి మొదలుకొని అయిదవ తరగతి దాకా తీసివేత నేర్పునప్పుడు మన ఉపాధ్యాయులందరును నిత్యము పలుకు మాట ఒకటి కలదు: మూడులోనుండి అయిదు పోదు, ప్రక్కనుండి ఒకటి అప్పు తెచ్చుకొమ్మని. అయిదేండ్ల పాటు విని, వల్లించి, పలకమీద దిద్ది, నిజమని గట్టిగా నమ్మిన ఆ మాటను, ఆరవ తరగతిలో పూర్ణసంఖ్యల పాఠము రాగానే, మూడులోనుండి అయిదు పోవును, పోయి ఋణ రెండు మిగులునని చెప్పి మనమే త్రోసిపుచ్చుచున్నాము. త్రోసిపుచ్చుటలో దోషము లేదు. మాట యేల మారవలసివచ్చెనో బాలునికి చూపకుండ మార్చుటలోనే దోషమంతయు నున్నది. చూపవలసినది చూపక, ఆ లోటు పూడ్చుటకై ‘మైనస్ మైనస్ ప్లస్’ అను సూత్రము నొకదానిని వాని చేతికిచ్చి ముందునకు సాగుదుము. పదకొండేండ్ల ఆ బాలుడు సూత్రమును మంత్రమువలె పట్టుకొని, (−3) − 5 అను లెక్కలో రెండు మైనసులు కంటబడగానే సందేహమేమియు లేక 8 అని వ్రాయును. ఆ జవాబును ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు ముందు, వాడు మన మాటను అక్షరాల పాటించినందుననే అటు వ్రాసెనని మనము గుర్తింపవలెను.

భద్రాచలము ఏజెన్సీలో ఈ చిక్కునకు మరియొక చిక్కు తోడగుచున్నది. ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా వచ్చి, గోదావరి వంతెన దాటి భద్రాచలము చేరి, అచటినుండి దుమ్ముగూడెము, చర్ల దారిన పోయినకొలది ఊళ్లు చిన్నవగును, అడవి దగ్గరపడును, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు చేరువగును. ఆ దారిలోని ఆశ్రమ పాఠశాలల పిల్లలలో చాలమంది కోయవారు. వారికి ఇంటిలో కోయభాష, బడిలో తెలుగు, పుస్తకములో ఇప్పుడు ఇంగ్లీషు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ మొదలగు గిరిజన భాషలలో ప్రాథమిక తరగతుల పాఠములు చెప్పించు ప్రయత్నము నారంభించెను గాని, ఋణసంఖ్య ఎదురగునది ఆరవ తరగతిలో. అప్పటికి ఆ ఊతము చేయిజారిపోయి యుండును. ఇట్టి బాలునికి వాక్యములతోనే పాఠము చెప్పితిమా, ఒక భావము మూడు భాషల గడపలు దాటి లోపలికి పోవలసివచ్చును. చేతికి వస్తువు నిచ్చితిమా, భావము చేతినుండి కంటికి, కంటినుండి బుద్ధికి నేరుగా పోవును. తాను చూచినదానిని ప్రక్కవానికి కోయలోనే చెప్పుకొనును, చెప్పుకొననీయవలెను. ఆ గుసగుసలను మాన్పించు ఉపాధ్యాయుడు పాఠములో సగభాగమును తానే మాన్పించినవాడగును.

పట్టణములలోని సంపన్న పాఠశాలలలో ఇందుకు ప్లాస్టిక్ బిళ్లలు ఉన్నవి, ఒక ప్రక్క ఎఱుపు, రెండవ ప్రక్క పసుపు. అవి లేవని చింతింపబనిలేదు. గిరిజన సహకార సంస్థవారు కొను అటవీ ఫలసాయములలో చింతపండు ఒకటి. వేసవి తొలినాళ్లలో ఏ గూడెములో చూచినను చింతకాయలు కొట్టి, పెచ్చు వొలిచి, పిక్క తీయుచున్న స్త్రీలు కనబడుదురు. ఆ పిక్కయే మన పరికరము. అష్టాచెమ్మా ఆటకు పందెపు పిక్కలు చేసికొనుట ఏ పిల్లకైనను నేర్పనక్కరలేదు: నున్నని నల్లపిక్కను గరుకుబండమీద రెండు చుక్కల నీరు చల్లి ఒక వైపు రుద్దగా రుద్దగా పైపొర పోయి లోని తెలుపు బయటపడును. పిల్లలు నీళ్లు చల్లక పొడిగానే రుద్ది, కాలిన పిక్కను ప్రక్కవాని మోచేతికి తగిలించి చుఱుక్కుమనిపించుట కూడ ఈ పనిలో భాగమే. ఒక పూట అందుకు విడిచిపెట్టుట మంచిది, తాను చేసికొన్న పిక్కలమీద పిల్లకు మమకారము పుట్టును. ఒక్కొక్కరికి ఇరువది పిక్కలుండిన చాలును. గురిగింజలో ఎఱుపు, నలుపు రెండును పుట్టుకతోనే యున్నవి గనుక అదియే మేలని కొందరకు తోచవచ్చును. అది వలదు. గురిగింజ కొఱికి నమిలిన ప్రాణాపాయకరమైన విషము. పిల్లలున్న గదిలోనికి దానిని రానీయరాదు.

తెలుపు ముఖము ధన ఒకటి, నలుపు ముఖము ఋణ ఒకటి అని నిర్ణయించి, ఆ నిర్ణయమును గోడమీద పెద్దక్షరములతో వ్రాసి పెట్టవలెను. ఇది కేవలము ఒడంబడిక. ఇటే ఉండవలెనన్న నియమము లేదు. ప్రాచీన చీనాదేశమున లెక్కకు కఱ్ఱపుల్లలు వాడిన కాలములో ఎఱ్ఱపుల్ల ధనమును, నల్లపుల్ల ఋణమును తెలిపెడిదని, ‘తొమ్మిది అధ్యాయములు’ అను గణితగ్రంథమునకు 263లో వ్యాఖ్య వ్రాసిన ల్యూ హుయి చెప్పెను. నేటి జమాఖర్చుల పుస్తకములలోనో నష్టమే ఎఱ్ఱసిరాకెక్కుచున్నది. రంగు ఏదైనను, ఆరంభమున చేసికొన్న ఒడంబడికను పాఠము ముగియువరకు మార్చకుండుటయే ముఖ్యము.

ఇక పాఠము. తొలిదినము తీసివేత ఊసెత్తరాదు. నేలమీద ఒక తెల్లపిక్క, ఒక నల్లపిక్క ప్రక్కప్రక్కన పెట్టి, ఈ రెండును కలిసి ఎంత అని అడుగవలెను. ఒకటి సంపాదించి ఒకటి పోగొట్టుకొన్న వానికి మిగిలినదేమి అని పిల్లలే తర్కించి, ఏమియు లేదని తేల్చుదురు. ఈ జత విలువ సున్న. ఈ చిన్న సంగతిమీదనే మున్ముందు జరుగవలసిన పనియంతయు నిలిచియున్నది గనుక ఇచట తొందరపడరాదు. మూడు తెల్లపిక్కలు పెట్టి ఎంత అనినచో మూడందురు. దానికి ఒక జత చేర్చి, నాలుగు తెలుపు, ఒక నలుపు ఉంచి, ఇప్పుడెంత అని అడిగినచో కొందరు అయిదని, కొందరు నాలుగని చెప్పి, జతను వ్రేలితో విడదీసి చూచి మూడని దిద్దుకొందురు. మరి రెండు జతలు చేర్చినను మూడే. అప్పుడు ప్రశ్నను తిరుగవేయవలెను: మీకున్న పిక్కలతో మూడును ఎన్ని విధముల చూపగలరు? ఋణ రెండును ఎన్ని విధముల చూపగలరు? సున్నను ఎన్ని విధముల చూపగలరు? ఒక బాలిక ఉత్తనేలను చూపి ఇది సున్న యనును. మరియొకతె పది తెలుపు, పది నలుపు బారులు తీర్చి ఇదియు సున్నయే యనును. కుప్పలో పిక్కల లెక్క వేరు, కుప్ప విలువ వేరు అను ఈ తెలివి కుదురుటకు రెండు పూటలు పట్టినను పట్టనీయవలెను. పాఠ్యప్రణాళిక తరుముచున్నదని ఇచట కోసివేసిన సమయమునకు ముందు పాఠములలో రెండింతలు చెల్లింపవలసివచ్చును.

రెండవ మెట్టున తీసివేత మొదలిడవలెను, కాని పాఠ్యపుస్తకపు వరుసను కొంచెము మార్చి మొదలిడవలెను. సాధారణముగా కడపట పెట్టి భయపెట్టు లెక్కయైన (−5) − (−2)నే నేను మొదట పెట్టుమందును. అయిదు నల్లపిక్కలు పెట్టుము, అందులో రెండు నల్లపిక్కలు తీసివేయుము, మిగిలినవెన్ని? మూడు నల్లపిక్కలు, అనగా ఋణ మూడు. ఇందులో చిక్కేమున్నది? అయిదు మామిడికాయలలో రెండు తీసివేసిన మూడు మిగులునని ఒకటవ తరగతిలో చెప్పినవాడే ఈ లెక్కను చేయగలడు. సూత్రమార్గమున ఇదే లెక్కకు గుర్తు మార్చుము, కూడుము, పెద్దదాని గుర్తు పెట్టుము అని మూడు అంచెలు కావలసివచ్చును. పిల్లలు దీనిని సునాయాసముగ చేసి, ఋణసంఖ్యలన్న బెరుకు పోగొట్టుకొన్న తరువాతనే కష్టమైనదానికి పోవలెను.

ఆ కష్టమైన స్థలము లేనిదానిని తీయవలసివచ్చిన స్థలము. చర్ల వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో వరండా నేలమీద పిల్లలను గుండ్రముగా కూర్చుండబెట్టి ఉపాధ్యాయుడొకరు 3 − (−2) అను లెక్కను ఇచ్చినప్పుడు నేను చూచినది చెప్పెదను. పిల్లలు మూడు తెల్లపిక్కలు పెట్టిరి. రెండు నల్లపిక్కలు తీయుడనెను. తీయుటకు చేయి చాపిన బాలిక చేయి గాలిలోనే నిలిపి, “నల్లయి లేవు గదా సార్, ఎట్టా తియ్యాలి?” అనెను. ఆయన బదులు చెప్పలేదు. “లేకపోతే ఏం చేద్దామమ్మా?” అని మాత్రమే అని ఊరకుండెను. ఆ ఊరకుండుట చాలసేపు సాగినది. పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూచికొనిరి, కోయలో ఏమో అనుకొనిరి, ఒకడు తన సంచిలోని నల్లపిక్కను తెచ్చి పెట్టబోగా మరియొకడు లెక్క మారిపోవునని వాని చేయి పట్టుకొనెను. చివరకు మొదట అడిగిన బాలికయే, “జత పెడితే లెక్క మారదు గదా సార్, పెడదామా?” అనెను. రెండు జతలు వచ్చి చేరెను. అయిదు తెలుపు, రెండు నలుపు. విలువ ఇంకను మూడే. ఇప్పుడు రెండు నల్లపిక్కలు తీసివేసిరి. అయిదు తెల్లపిక్కలు నేలమీద మిగిలెను. తీసివేయగా ఎక్కువయ్యెనేమని వారు ఆశ్చర్యపడు సమయమున ఆ ఉపాధ్యాయుడు సూత్రము చెప్పలేదు, మరియొక లెక్క ఇచ్చెను. ఉపాధ్యాయుని నేర్పంతయు ఆ మౌనములో నున్నదని నా విశ్వాసము. జత తెమ్మని ముందే చెప్పియుండిన, అది పిల్లలు పాటించు మరియొక ఆజ్ఞ మాత్రమే అయ్యెడిది.

మూడులోనుండి అయిదు తీయుటయు ఇట్లే. మూడు తెల్లపిక్కలున్నవి, అయిదు కావలెను, రెండు తక్కువ. రెండు జతలు తెచ్చి, అయిదు తెల్లవి తీసివేయగా రెండు నల్లవి మిగులును. కొందరు పిల్లలు ఎన్ని తక్కువ అని చూడక, తీయవలసినవి అయిదు గనుక అయిదు జతలు తెత్తురు. అప్పుడు ఎనిమిది తెలుపు, అయిదు నలుపు అగును. అయిదు తెలుపు తీయగా మూడు తెలుపు, అయిదు నలుపు మిగిలి, జతలు కలియగా అదే ఋణ రెండు వచ్చును. దీనిని వ్యర్థప్రయాస యని ఆపరాదు. రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చనీయవలెను. అవసరమునకు మించి జతలు తెచ్చిన బాలుడే తరువాత సూత్రమును త్వరగా కనిపెట్టును, ఎట్లో మున్ముందు చెప్పెదను. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు ఇచట ఒక మనవి: పోదు అని గట్టిగ చెప్పుటకు మారుగా, ఈ తరగతిలో మన దగ్గరనున్న సంఖ్యలతో పోదు అని చెప్పినచో, అయిదేండ్ల తరువాత ఆ బాలునికి మన మాట అబద్ధము కాకుండును.

ఇప్పుడు ఆరంభమున చెప్పిన (−3) − 5ను పెట్టవలెను. మూడు నల్లపిక్కలు; తీయవలసినవి అయిదు తెల్లవి; ఒక్కటియు లేదు. అయిదు జతలు వచ్చును. అయిదు తెల్లవి పోవును. నేలమీద ఎనిమిది నల్లపిక్కలు. అన్నలు, అక్కలు ఇంటియొద్ద ముందే నేర్పిన ‘మైనస్ మైనస్ ప్లస్’ పట్టుకొని 8 అన్న బాలుడు ఈ నల్లని బారును చూచి తనంతట తాను ఆగును. చెప్పిన మాట మరచిపోవచ్చునుగాని, తన చేతితో పేర్చినదానిని కాదనుట కష్టము.

పిక్కలకు రెండు ముఖములుండుటవలన ఒక ప్రమాదము కలదు. దానిని ఉపాధ్యాయుడు ముందే ఎఱిగియుండవలెను. నల్లపిక్కను తీయుమనినప్పుడు కొందరు దానిని తీయక తిరుగవేయుదురు. (−5) − (−2)లో రెండు నల్లపిక్కలను తీయుటకు మారుగ తిరుగవేసినచో మూడు నలుపు, రెండు తెలుపు అయి, ఋణ మూడు రావలసినచోట ఋణ ఒకటి వచ్చును. ఒక పిక్కను తీసిన విలువ ఒకటి మారును. తిరుగవేసిన రెండు మారును. అందుచేత తీసివేత పాఠము కుదిరినదాక పిక్కను తిరుగవేయుట నిషేధింపవలెను. కుదిరిన తరువాత ఒక దినము అదే పనికి విడిచి, మూడు తెల్లపిక్కలను తిరుగవేసిన ఋణ మూడు, మరల తిరుగవేసిన మూడు అని చూపినచో, వ్యతిరేకసంఖ్య యనునది మాటతో గాక వ్రేళ్లతో బోధపడును.

ఇట్లు పది, పదునైదు లెక్కలు చేసిన పిమ్మట, ప్రతి లెక్కకును నేలమీద ఏమి వచ్చినది, ఏమి పోయినది అని నోటుపుస్తకములో సున్నలు చుట్టి బొమ్మ గీయింపవలెను. ఖాళీసున్న తెలుపు, నింపిన సున్న నలుపు, తీసివేసినదానిపై అడ్డగీత. ఆ బొమ్మలనే చూచుచు ఒక ప్రశ్న వేయవలెను: 3 − (−2)లో రెండు జతలు తెచ్చి, అందులోని రెండు నల్లవి తీసికొనిపోతిమి; తెచ్చినవానిలో చివరకు మన దగ్గర నిలిచినవేవి? రెండు తెల్లవి. అట్లయిన జతలు తెచ్చుట, నల్లవి తీసివేయుట అను రెండు పనులకు మారుగ నేరుగ రెండు తెల్లవి చేర్చిన సరిపోదా? అయిదు జతలు తెచ్చి అయిదు తెల్లవి తీసిన బాలునికి ఇది తక్షణమే స్ఫురించును, వానికి నిలిచినవి అయిదు నల్లవి కనుక. తీసివేయుట యనగా వ్యతిరేకసంఖ్యను చేర్చుట అను సూత్రము అప్పుడు పుట్టును. శూన్యమునుండి ఋణమును తీసిన ధనమగునని, ధనమునుండి ఋణమును గాని ఋణమునుండి ధనమును గాని తీయవలసివచ్చినపుడు కూడవలెనని, బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున విధించెను. ఆ విధిని మన పిల్లలు వరండామీద చింతపిక్కలతో చేరుచున్నారన్న సంగతిని వారికి చెప్పినచో వారి కన్నులలో మెఱయు గర్వమును ఏ బహుమతియు ఈయజాలదు. ఇదియు చెప్పవలెను: బ్రహ్మగుప్తుని తరువాత పదకొండువందల యేండ్లకు పైగా గడచినను, 1758లో ఫ్రాన్సిస్ మసేరెస్ అను ఆంగ్లేయ విద్వాంసుడు ఋణసంఖ్యలను బీజగణితమునుండి తొలగింపవలెనని గ్రంథమే వ్రాసెను. పెద్దలే తొట్రుపడిన చోట పిల్లవాడు తొట్రుపడుట మందబుద్ధి కాదు.

ఋణసంఖ్యలనగానే అప్పును ఉదాహరణగా చెప్పుట మనకు అలవాటు. తర్కమునకు అది చక్కగా అమరును గూడ. నూఱు రూపాయల అప్పు కొట్టివేసినచో నూఱు రూపాయలు వచ్చినట్లే గదా. అయినను ఈ ప్రాంతమున నేను దానిని మితముగ వాడుమందును. పత్తి పెట్టుబడికై చేసిన అప్పు గాని, తునికాకు రోజులు రాకముందు కిరాణా దుకాణపు ఖాతాలో పెరిగిన బాకీ గాని ఇంటిలో రాత్రుళ్లు మాటలకు, కన్నీళ్లకు కారణమగుచున్న పిల్ల ఆ తరగతిలో ఉండవచ్చును. మీ నాయనకు ఎంత అప్పున్నదో చెప్పు అని నలుగురిలో అడుగుట లెక్కకొఱకైనను తగని పని.

దానికి మారుగ గోదావరి మనకు మంచి కొలబద్ద నిచ్చుచున్నది. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులు చేరిన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయిన రెండవది, 53 అయిన మూడవది ఇత్తురు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి ఆ తీరపు ఇండ్లలో ఇప్పటికిని చెప్పుకొందురు. 43 అడుగుల గుర్తును సున్నగా పెట్టుకొనుడు. 40 అడుగుల నీరు ఋణ మూడు. 48 అడుగులు ధన అయిదు. నీరు ఎంత పెరిగినది? 5 − (−3), అనగా ఎనిమిది అడుగులు. పిక్కలతో చేసినను ఎనిమిదియే వచ్చును గాని, ఎందుచేత ఎనిమిది యన్నది ఇచట కొలబద్దమీదనే స్పష్టముగ కనబడును: సున్న గుర్తునకు క్రింద మూడు, పైన అయిదు. పిక్కలు తీసివేయుటను చూపునంత బాగుగ రెండు స్థానముల నడిమి దూరమును చూపజాలవు. కనుక పిక్కల పాఠము ముగియగనే గోడమీద నిలువుగ సంఖ్యారేఖ గీసి, నీటిమట్టపు లెక్కలు చేయింపవలెను. ఋణసంఖ్యను ఋణసంఖ్యతో గుణించుటకు ఈ రెండును అంతగ ఉపకరింపవు. దానికి వేఱు మార్గము వెదకవలెను, పిక్కలతోనే లాగరాదు.

పిక్కలను ఎప్పుడు మాన్పించవలెనని ఉపాధ్యాయులు అడుగుదురు. మాన్పించనక్కరలేదు, పిల్లలే మానుదురు. (−37) − (−58) వంటి లెక్క నిచ్చి, పిక్కలు చాలవు గదా, ఉండియుండిన ఏమి చేసెదవో నోటితో చెప్పుమనవలెను. ముప్పదియేడు నల్లవి ఉన్నవి, ఏబదియెనిమిది తీయవలెను, ఇరువదియొకటి తక్కువ, ఇరువదియొక్క జతలు తెత్తును, నల్లవన్నియు పోవును, ఇరువదియొక్క తెల్లవి మిగులును అని తడబడకుండ చెప్పిన పిల్లకు ఇక నేలమీద పిక్కలతో పనిలేదు. జవాబు మాత్రము సరిగ చెప్పి, ఎట్లు వచ్చినదో చెప్పలేని పిల్లను మరి రెండు దినములు పిక్కలతో ఉండనీయవలెను. త్వరగా విడిచినవారిని పొగడి, ఆలస్యముగ విడిచినవారిని చిన్నపుచ్చరాదు. పరీక్షలో (−6) − (−9) వచ్చినప్పుడు చిత్తుపని చేసికొను చోట చిన్న సున్నలు చుట్టుకొని, నింపి, అడ్డగీతలు గీసికొనుటకు అభ్యంతరము లేదని పిల్లలకు ముందే చెప్పవలెను; దిద్దునప్పుడు ఆ సున్నలకు మార్కులు తగ్గింపరాదు.